రైతుకు రైతే జామీను: పల్లె పరపతి సంఘాలకు బాట వేసిన రైఫైజన్

సహకార సంఘం గడప తొక్కని రైతు మన పల్లెల్లో అరుదు. ఎరువుల బస్తాకో, పంట రుణానికో, పాలకవర్గం ఎన్నికలకో, ఏదో ఒక పని మీద అక్కడికి వెళ్లవలసిందే. అయితే షావుకారు గుమ్మం ముందు చేతులు కట్టుకు నిలబడకుండా, ఒక ఊరి రైతులే కలిసి తమకు తాము అప్పు ఇచ్చుకునే ఏర్పాటును పల్లెల్లో నిలబెట్టి చూపిన మనిషి ఎవరో చాలామందికి తెలియదు. ఆయన మన దేశస్థుడు కాడు. పెద్ద చదువులు చదివినవాడు కాడు. ధనవంతుడు అసలే కాడు. జర్మనీలోని ఒక కొండప్రాంతపు పల్లెల్లో చిన్న ఉద్యోగం చేసి, చూపు పాడై, నలభై ఏడేళ్లకే ఆ ఉద్యోగమూ వదులుకున్న ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజన్ ఆయన.

చితికిన సంసారం

రైఫైజన్ 1818 మార్చి 30న సీగ్ నది ఒడ్డున హామ్ అనే ఊళ్లో పుట్టారు. అప్పట్లో ఆ ప్రాంతం ప్రష్యా రాజ్యంలో వుండేది. తొమ్మిదిమంది సంతానంలో ఆయన ఏడోవారు. తండ్రి వ్యవసాయదారు. కొంతకాలం ఆ ఊరికి పెద్దగా కూడా పనిచేశారు. తర్వాత ఆయన ఆరోగ్యం చెడింది, సంసారం చితికిపోయింది. పిల్లల భారమంతా తల్లి మీద పడింది.

చురుకైన పిల్లవాడైనా పట్నం పంపి చదివించే స్తోమత ఆ ఇంటికి లేదు. ఆయనకు జ్ఞానతండ్రి అయిన ఊరి పాస్టరు జైపెల్ మూడేళ్లపాటు తానే చదువు చెప్పారు. రైఫైజన్‌కు అబ్బిన చదువు అదే. దైవభక్తి అబ్బింది కూడా అక్కడే. పొరుగువాడి కష్టం చూస్తూ ఊరుకోవడం పాపమన్న నమ్మకం ఆయనను జీవితమంతా నడిపింది. ఆయన స్థాపించిన సంఘాల నిబంధనల్లో కూడా ఆ వాసన కనిపిస్తుంది.

1835లో, పదిహేడేళ్ల వయసులో, సైన్యంలో ఫిరంగి దళంలో చేరారు. జీతం వస్తుంది, పై మెట్టు ఎక్కవచ్చు అనుకున్నారు. కాని కంటి జబ్బు పట్టుకున్నది. 1843లో సైన్యం వదిలి కచేరీ ఉద్యోగానికి మారవలసి వచ్చింది. రెండేళ్లకు, 1845లో, వెస్టర్‌వాల్డ్ కొండల్లోని వేయర్‌బుష్ అనే చోట బర్గొమాస్టరుగా వేశారు. అదే ఏడు ఎమిలీ స్టార్క్ అనే యువతితో వివాహమైంది.

బర్గొమాస్టరు అంటే పట్నంలో మేయరు వంటి పదవి అనుకోనక్కరలేదు. ఇరవైకి పైగా చిన్న ఊళ్లు కలిపి ఒక ఫిర్కాలాగా చేసి, దాని మీద ప్రభుత్వం నియమించే అధికారి ఆయన. మన పాత మునసబు పనీ, కరణం పనీ, పంచాయతీ ప్రెసిడెంటు పనీ ఒకరి నెత్తినే పెట్టినట్టు వుండేది. పై నుంచి వచ్చే హుకుం అమలు చేయాలి, కింద నుంచి వచ్చే ఏడుపు వినాలి.

ఆకలి చలికాలం

వెస్టర్‌వాల్డ్ ఏటా నెలల తరబడి మంచుతో గడ్డకట్టే మెట్ట ప్రాంతం. నేల సారం తక్కువ. అన్నదమ్ముల పంపకాల్లో కమతాలు ముక్కలు ముక్కలై, చాలామందికి మిగిలింది ఆలుగడ్డ వేసుకోవడానికీ, ఒక ఆవును మేపుకోవడానికీ సరిపడే చెక్క మాత్రమే. ఆలుగడ్డే వారికి అన్నం.

ఆ రోజుల్లో ఐరోపా అంతటా ఆలుగడ్డకు తెగులు సోకి పంట నేలలోనే కుళ్లింది. 1846లో ధాన్యమూ పండలేదు. ఆ చలికాలంలో రొట్టె ధర పేదవాడికి అందనంత ఎత్తుకు పోయింది. విత్తనానికి దాచుకున్న దుంపలు కూడా తినేసినవారున్నారు.

ప్రభుత్వం ధాన్యం పంపింది. కాని ఒక షరతు పెట్టింది: రొక్కం ఇచ్చినవారికే ఇవ్వాలి. చేతిలో రొక్కం వున్నవాడు ఆకలితో ఎందుకుంటాడు? రైఫైజన్‌కు ఈ హుకుం మింగుడు పడలేదు. ఊళ్లలో కలిగినవారిని పిలిచి కూర్చోబెట్టారు. తలా కొంత డబ్బు వేసుకుని సంఘంగా ఏర్పడమని కోరారు. వచ్చిన ధాన్యాన్ని పై షరతును పక్కనబెట్టి, పేదలకు తర్వాత తీర్చే పద్దు మీద ఇప్పించారు. ఒక యువ అధికారి పై వారి ఆజ్ఞను అలా దాటడం ప్రష్యాలో చిన్న విషయం కాదు. పద్దులు తేడా వస్తే ఆయన ఉద్యోగమే పోయేది.

ధాన్యం తెచ్చినంత మాత్రాన పని కాలేదు. ఆ సంఘం సొంతంగా ఒక రొట్టెల బట్టీ కట్టించింది. 1847లో ఆ బట్టీలో కాల్చిన రొట్టె అంగడి ధర కంటే బాగా చౌకగా దొరికింది. వసంతం రాగానే నాటుకునేందుకు విత్తనపు దుంపలు కూడా సంఘమే తెప్పించింది. పేదలు పద్దు తీర్చారు.

అక్కడితో ఆగలేదు. పండించినది అమ్ముకునేందుకు బండి పోయే బాట లేదు గనుకనే రైతుకు ధర రావడం లేదని ఆయన గ్రహించారు. కొండల్లోని ఊళ్లను రైన్ నది ఒడ్డున వున్న నోయివీడ్ పట్నంతో కలిపే రోడ్డు పని పట్టుకున్నారు. ఆ దారిని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. బడులు కట్టించారు.

ఆవు మేతకు మనది, ఫలితం వారిది

1848లో ఆయనను పక్కనే వున్న ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు బదిలీ చేశారు. అక్కడ ఆయన కింద 33 ఊళ్లు. కరువు తీరింది కాని, రైతు బతుకు తేరుకోలేదు. దానికి కారణం వెతికిన రైఫైజన్‌కు పశువుల పాకలో జవాబు దొరికింది.

చిన్న రైతుకు ఆవు కొనే సొమ్ము లేదు. పశువుల వ్యాపారి ఒక ఆవును తోలుకొచ్చి పాకలో కట్టి పోతాడు. రైతు దాన్ని మేపాలి. పాలూ పేడా వాడుకోవచ్చు. కాని ఆవు వ్యాపారిదే. దూడ పుడితే అందులోనూ వ్యాపారికి పాలు. ఆవు బాగా ఒళ్లు చేసిన రోజున వచ్చి తోలుకుపోతాడు, బక్క గొడ్డును ఒకదాన్ని కట్టిపోతాడు. ఏళ్లు గడిచినా రైతు పాకలో సొంత ఆవు వుండదు. మన వైపు పాలుకు గొడ్లు మేపడం తెలిసినవారికి ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు. అప్పు కూడా అంతే. నోటు రాసేటప్పుడు ఒక అంకె, తీర్చేటప్పుడు ఇంకొక అంకె. చివరకు పొలం వేలానికి వచ్చేది.

1849 చివరలో ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో రైఫైజన్ పేద రైతుల సహాయ సంఘం పెట్టారు. దాదాపు అరవైమంది కలిగిన రైతులు, ఇతర పెద్దలు చేరారు. సంఘం చేసే అప్పుకు తమ యావదాస్తీ పూచీ అని వారు సంతకాలు చేశారు. ఆ పూచీ చూసి బయట సొమ్మున్నవారు సంఘానికి తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చారు. ఆ సొమ్ముతో సంఘం పశువులు కొని పేద రైతులకు ఇచ్చింది. రైతు ఐదేళ్లలో వాయిదాల మీద తీర్చాలి. తీరిన నాడు ఆవు అతనిది, దూడా అతనిదే.

కొంతకాలానికి, పశువు ఒక్కటే ఇస్తే చాలదని తేలింది. పాత అప్పుల ఉచ్చులో వున్నవాడికి రొక్కం కావాలి. అందుచేత సంఘం నేరుగా రొక్కం అప్పులు కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. ధర్మసత్రంగా మొదలైనది ఈ విధంగా అప్పుల సంఘమయింది.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి వుంది. ఆ ప్రాంతంలో వడ్డీకి ఇచ్చేవారిలో, పశువుల బేరగాళ్లలో యూదులూ వున్నారు, క్రైస్తవులూ వున్నారు. అయినా ఆనాటి చాలామంది జర్మన్ల మాదిరే రైఫైజన్ కూడా ఆ పాపాన్ని యూదుల మీదకు నెట్టే రాతలు రాశారు. ఆయన చేసిన మేలు ఎంత పెద్దదైనా ఇది మచ్చే.

దాతలు అలసిపోయారు

1852లో రైఫైజన్ నోయివీడ్ పక్కన వున్న హెడ్డెస్‌డార్ఫ్‌కు మారారు. ఈ ఊరికి కొండ పల్లెల కంటే పట్నం గాలి ఎక్కువ. 1854లో అక్కడ ధర్మకార్య సంఘం ఒకటి పెట్టారు. దాని కార్యక్రమం చూస్తే ఆయన ఆశ ఎంత పెద్దదో తెలుస్తుంది. దిక్కులేని పిల్లలను చేరదీయాలి. పని లేనివారికి, జైలు నుంచి విడుదలైనవారికి పని చూపాలి. పేద రైతులకు పశువులు కొనివ్వాలి. అప్పులివ్వాలి. ఊరికి గ్రంథాలయం పెట్టాలి. ఇదంతా కలిగినవారి చందా మీద, వారి పూచీ మీద నడవాలి.

కొన్నేళ్లు నడిచింది. తర్వాత ఒక్కొక్క పనీ వెనుకపడింది. అప్పుల పని ఒక్కటే మిగిలింది. కలిగినవారికి కూడా ఉత్సాహం తగ్గింది. ఎదుటివాడు అప్పు తీసుకుంటాడు, తీర్చకపోతే తన పొలం పోతుంది. తనకు వచ్చేదేమీ లేదు. ఈ భారం ఎన్నేళ్లు మోస్తారు? గడువు తీరిన పూచీని మళ్లీ రాసి ఇవ్వడానికి చాలామంది ముందుకు రాలేదు. కరువు నాడు కరిగిన మనసు మామూలు రోజుల్లో గట్టిపడటం ఏ ఊళ్లోనైనా వున్నదే. అందుకు వారిని తప్పుపట్టి లాభం లేదు.

రైఫైజన్ జీవితంలో ఇది గడ్డు సమయం. పదిహేనేళ్ల పాటు ఆయన నమ్మినది ఒకటే: కలిగినవాడు దైవభీతితో లేనివాడిని ఆదుకోవాలి. ఆ పునాది కదులుతున్నదని ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. అదే రోజుల్లో హెర్మన్ షుల్జ్-డెలిట్జ్ అనే న్యాయాధికారి జర్మనీ పట్నాల్లో వడ్రంగులు, చెప్పులు కుట్టేవారు, చిన్న దుకాణదార్లతో పరపతి సంఘాలు నడుపుతున్నారు. అక్కడ దాతలు లేరు. అప్పు కావలసినవారే సభ్యులు. రైఫైజన్ ఆయనతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి ఆ పద్ధతి తెలుసుకున్నారు. మనసుకు నచ్చి కాదు, వేరే దారి లేక ఆ మలుపు తిరిగారు.

1862లో ఆన్‌హౌజెన్ అనే ఊళ్లో, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో కొత్త సంఘాలు లేచాయి. వీటిలో అప్పు తీసుకునేవాడు బయట నిలబడి చేయి చాపడు. అతను కూడా సభ్యుడే. ఇంకొకరి అప్పుకు అతను పూచీ, అతని అప్పుకు ఇంకొకరు పూచీ. పాత సంఘంలో ఊరు రెండు ముక్కలుగా వుండేది, ఇచ్చేవారు ఒకవైపు, పుచ్చుకునేవారు ఒకవైపు. కొత్త సంఘంలో ఆ గీత చెరిగింది. కలిగిన రైతు కూడా లోపలే వున్నాడు. అతని సొమ్ము డిపాజిట్‌గా వుంది, అతనికీ ఒక్కోసారి అప్పు అవసరం పడుతుంది.

సంఘం ఎలా నడిచేది?

రైఫైజన్ పెట్టిన కట్టుబాట్లు చూడటానికి చిన్నవే. కాని ఒకదానికొకటి ముడి వేసి వుంటాయి.

మొదటిది హద్దు. ఒక సంఘం ఒక ఊరికి, మహా అయితే ఒక చర్చి కింద వుండే రెండు మూడు ఊళ్లకు మించరాదు. సభ్యుడి పొలం ఎంత, పాకలో గొడ్లెన్ని, కొడుకు పనిమంతుడా కాదా, సాయంత్రం సారా అంగట్లో ఎంతసేపు కూర్చుంటాడు అన్నది అందరికీ తెలిసి వుండాలి. పట్నం బ్యాంకు ఎంత ఖర్చుపెట్టినా సంపాదించలేని ఈ సమాచారం ఊరి రచ్చబండ మీద ఉచితంగా దొరుకుతుంది.

రెండోది అపరిమిత పూచీ. సంఘం బాకీపడితే సభ్యులందరి ఆస్తీ జవాబుదారీ. వినడానికి భయంగా వుంటుంది. కాని పేద రైతుకు పది రూపాయల వాటా పెట్టే శక్తి కూడా లేనప్పుడు, బయటివాడికి చూపగల ఆస్తి ఇదొక్కటే. ఒంటరి రైతు నోటును ఎవరూ నమ్మరు. యాభైమంది రైతులు ఒకే కాగితం మీద సంతకం చేస్తే ఎవరైనా నమ్ముతారు. ఆ భయంలో మరొక మేలు వుంది. పక్కింటివాడు అప్పు తీసుకుని ఆవు కొన్నాడా, విందులు చేశాడా అని చూడటం అందరికీ తమ పనే అవుతుంది. తప్పుదారి పట్టినవాడిని అమీనా కంటే ముందు పొరుగువాడు మందలిస్తాడు. వాన రాక పంట పోయినవాడిని, సోమరితనంతో పాడుచేసుకున్నవాడిని వేరుచేసి చూడగలిగేది కూడా ఆ పొరుగువాడే.

మూడోది, అప్పు దేనికన్నది ముందే చెప్పాలి. గొడ్డు, విత్తనం, ఎరువు, పొలం బాగుచేయడం, పాత వడ్డీ బాకీ తీర్చడం వంటి వాటికే ఇస్తారు. హామీదార్లు సంతకం పెట్టాలి. తీర్చడానికి వ్యవధి మాత్రం ధారాళం. దూడ ఆవు కావాలంటే ఏళ్లు పడుతుంది, మూడు నెలల నోటు రైతుకు ఉరితాడు అని రైఫైజన్ వాదన.

నాలుగోది, పనిచేసేవారికి జీతం లేదు. అధ్యక్షుడు, పాలకవర్గం, తనిఖీ చేసే పెద్దలు అందరూ ఊరివారే, ఊరికే చేస్తారు. లెక్కలు రాసే గుమాస్తాకు మాత్రం కొంత ముట్టేది. చాలాచోట్ల ఊరి బడిపంతులో, పాస్టరో ఆ లెక్కలు చూసేవారు. లాభం వస్తే పంచుకోరు. అది విడదీయరాని ఉమ్మడి నిధిలో పడుతుంది. ఆ నిధి పెరిగినకొద్దీ వడ్డీ తగ్గించవచ్చు, ఊరి పనులకు వాడవచ్చు. ఈ ఒక్క అంశం మీద ఆయన ఎవరు చెప్పినా మెత్తబడలేదు. లాభం పంచడం మొదలైతే అప్పిచ్చేవాడికి మళ్లీ షావుకారు బుద్ధి పుడుతుందని ఆయన భయం.

డిపాజిట్లు కూడా ఆ ఊళ్లోనివే. చెంబులోనో, పెట్టె అడుగునో పడివుండే పాలేరు జీతం, విధవరాలి చిన్న మొత్తం సంఘానికి వచ్చి పక్కింటివాడి పొలంలో ఎరువుగా మారేది. తర్వాతి రోజుల్లో సంఘాలు కలిసి విత్తనాలు, ఎరువులు టోకుగా కొని సభ్యులకు ఇచ్చాయి. ఒంటరి రైతును కల్తీ ఎరువుతో మోసగించడం తేలిక, ఊరంతా కలిసి కొన్నప్పుడు అంత తేలిక కాదు.

కూతురి కళ్లతో

ఈ కొత్త సంఘాలు మొలకెత్తుతున్న రోజుల్లోనే రైఫైజన్ ఇల్లు కూలింది. పిల్లల్లో కొందరు పసితనంలోనే పోయారు. 1863లో భార్య ఎమిలీ కన్నుమూశారు. ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది, కంటి జబ్బు ముదిరింది. 1865లో ఉద్యోగం నుంచి విరమించవలసి వచ్చింది. వచ్చే పింఛను సంసారానికి చాలదు. చుట్టల తయారీ పెట్టి చూశారు, అది నిలవలేదు. తర్వాత ద్రాక్షసారా వ్యాపారం చేసి ఇల్లు గడిపారు. రైతుల కోసం సంఘాలు పెట్టిన మనిషి ఆ సంఘాల నుంచి తన బతుకుకు ఏమీ తీసుకోలేదు. 1868లో మరియా పాన్‌జెరోట్ అనే వితంతువును పెళ్లాడారు.

పెద్ద కూతురు అమాలీ అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల. తండ్రికి ఆమే కళ్లయింది. ఆయన చెబుతుంటే ఉత్తరాలు రాసింది, వచ్చినవి చదివి వినిపించింది, లెక్కలు చూసింది. ఆమె పెళ్లి చేసుకోలేదు. సహకార చరిత్ర పుస్తకాల్లో తండ్రి పేరు వున్నంత పెద్దగా ఆమె పేరు లేదు. వందలాది సంఘాలతో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాల వెనక వున్నది ఆమె చేతిరాత.

1866లో రైఫైజన్ తన అనుభవాలన్నీ గుదిగుచ్చి పరపతి సంఘాల మీద ఒక పుస్తకం వెలువరించారు. సంఘం పెట్టాలనుకున్న పల్లెవారికి అదే దారిచూపు. నిబంధనల నమూనా, లెక్కల పుస్తకాలు రాసే తీరు అన్నీ అందులో వున్నాయి. ఆయన జీవితకాలంలోనే అది ఐదుసార్లు అచ్చయింది. ఊరూరా సంఘాలు లేచాయి.

సంఘాలు పెరిగితే కొత్త చిక్కు వచ్చింది. ఒక ఊళ్లో డిపాజిట్లు మిగులుతాయి, ఇంకొక ఊళ్లో అప్పుకు సొమ్ము చాలదు. వానలు పోయిన ఏడు అందరికీ ఒకేసారి కావాలి. అందుకని 1872లో నోయివీడ్‌లో సంఘాలన్నిటికీ కలిపి ఒక బ్యాంకు పెట్టారు. మన జిల్లా కేంద్ర సహకార బ్యాంకులకు అది పెద్దన్న వంటిది.

దీని మీద షుల్జ్-డెలిట్జ్ కత్తి దూశారు. సహకార చట్టం రావడానికి కృషి చేసింది ఆయనే, పార్లమెంటు సభ్యుడు కూడా. వాటాధనం లేని సంఘాలేమిటి, అడిగినప్పుడు ఇవ్వవలసిన డిపాజిట్లు తీసుకుని ఏళ్ల తరబడి అప్పులివ్వడమేమిటి, సంఘాలు సభ్యులుగా ఇంకో సంఘమేమిటి అని ఆయన ఆక్షేపణలు. వీటిలో రెండోది కొట్టిపారేయదగినది కాదు. డిపాజిటుదార్లందరూ ఒకేరోజు వచ్చి నిలబడితే ఏం చేస్తారన్నది ఏ బ్యాంకుకైనా ప్రశ్నే. కాని పట్నంలో రోజూ గల్లాపెట్టె తెరిచే దుకాణదారు లెక్క, ఏడాదికొకసారి పంట ఇంటికి తెచ్చే రైతు లెక్క ఒకటి కావన్న సంగతి షుల్జ్‌కు ఎక్కలేదు. చివరకు చట్టం షుల్జ్ వైపు నిలిచింది. రైఫైజన్ తన కేంద్ర బ్యాంకును రద్దుచేసి, 1876లో వాటాల కంపెనీగా మళ్లీ కట్టుకున్నారు. మరుసటి ఏడు సంఘాల తనిఖీకి, సలహాకు ఒక సమాఖ్య ఏర్పరచారు.

1888 మార్చి 11న, డెబ్భయ్యో పుట్టినరోజుకు పందొమ్మిది రోజుల ముందు, హెడ్డెస్‌డార్ఫ్‌లో ఆయన కన్నుమూశారు. అప్పటికి నాలుగు వందలకు పైగా సంఘాలు ఆయన పద్ధతిలో నడుస్తున్నాయి. అమాలీ 1897లో చనిపోయారు.

మద్రాసుకు చేరిన మాట

రైఫైజన్ పోయిన కొద్ది ఏళ్లకే ఆయన పేరు మన గడ్డకు చేరింది. అప్పటి మద్రాసు రాజధానిలో కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగం. రైతుల అప్పుల బాధకు మందు వెతకమని మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారికి అప్పగించింది. ఐరోపా దేశాల్లోని పరపతి పద్ధతులన్నీ పరిశీలించి ఆయన 1895లో ఒకటి, 1897లో ఒకటి రెండు పెద్ద సంపుటాలు సమర్పించారు. వందల పుటల ఆ నివేదిక సారాంశం ఒక్కటే: ఈ పల్లెలకు కావలసింది రైఫైజన్ వంటి మనిషి, ఎలాగైనా వెతికి పట్టుకోవాలి.

1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఒక ఊళ్లో పదిమంది చేరితే సంఘం పెట్టుకోవచ్చు. పల్లె సంఘానికి అపరిమిత పూచీ. సభ్యుల్లో ఐదింట నాలుగు వంతులు వ్యవసాయదారులై వుండాలి. లాభం నిధికే పోవాలి. హెడ్డెస్‌డార్ఫ్ కట్టుబాట్లే ఇక్కడ చట్టంగా దిగాయి. అదే ఏడు చెంగల్పట్టు జిల్లా తిరూర్‌లో మద్రాసు రాజధానిలోని తొలి సంఘం నమోదయింది. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో 1914లో ఇటువంటి చట్టమే చేశారు.

చట్టం వచ్చినంత త్వరగా ఆ మనుషులు రాలేదు. జర్మనీలో సంఘం ఊళ్లో పుట్టి చట్టం కోసం ఎదురుచూసింది. ఇక్కడ చట్టం ముందు పుట్టి సంఘం కోసం ఊళ్లకు వచ్చింది. చాలాచోట్ల అప్పిచ్చే మోతుబరే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. కులాల గోడలున్న ఊళ్లో ఒకరి అప్పుకు ఇంకొకరు పొలం పూచీ పెట్టడం అంత సులువూ కాదు. 1951-52లో రిజర్వు బ్యాంకు దేశమంతటా సర్వే చేయించింది. 1954లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం రైతు తెచ్చుకునే ప్రతి వంద రూపాయల అప్పులో సహకార సంఘాల వాటా సుమారు మూడు రూపాయలే. వడ్డీ వ్యాపారుల వాటా డెబ్భై దాకా వుంది. ఆ తర్వాత సంఘాలను పెద్దవి చేశారు, పూచీని వాటాధనం వరకే పరిమితం చేశారు, ప్రభుత్వం కూడా వాటా పెట్టింది. 1987లో ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ విండో పద్ధతి వచ్చింది. అప్పు, ఎరువు, విత్తనం ఒకే గడపలో దొరికే వీలు కలిగింది. రైతుకు సొమ్ము అందడం పెరిగింది. కాని పలు ఊళ్లు కలిసిన సంఘంలో ఎవరు ఎవరికి పూచీ అన్న ప్రశ్న వెనక్కి పోయింది. ఎవరి అప్పు వారిది, మాఫీ ఎప్పుడొస్తుందన్నది అందరిదీ.

రైఫైజన్ పాత పద్ధతి ఇంకొక దారిలో పల్లెకు వచ్చిందనుకోవచ్చు. 1982లో మొదలైన డ్వాక్రా గ్రూపుల్లో, 1992 నుంచి బ్యాంకులతో ముడిపడిన పొదుపు సంఘాల్లో పదీ పదిహేనుమంది ఆడవారు ఒకే వాడలో కూడుతున్నారు. నెలనెలా కొంత వేసుకుంటారు. అప్పు ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది తామే తేల్చుకుంటారు. ఒకరు వాయిదా తప్పితే మిగతావారు వెళ్లి ఆ ఇంటి అరుగు మీద కూర్చుంటారు. పిల్లవాడికి జ్వరమని తెలిస్తే ఆ నెల తామే సర్దుతారు కూడా.

జర్మనీలో రైఫైజన్ పేరు పెట్టుకున్న బ్యాంకులు, ఎరువుల డిపోలు నేటికీ పల్లెపల్లెనా వున్నాయి. సహకార భావననే మానవజాతి వారసత్వంగా 2016లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో ఆయన నివసించిన ఇంటిని ప్రదర్శనశాలగా వుంచారు. వేయర్‌బుష్‌లో ఆనాటి రొట్టెల బట్టీని తిరిగి కట్టి చూడవచ్చేవారికి చూపిస్తున్నారు.